బీట ముందు... వాపు వెనక!

గోడ కూలేముందు బీటలిస్తుంది. పేగుల సంగతీ అంతే! పేగుల్లో వాపు, పుండ్లతో ఏళ్లతరబడి వేధించే జబ్బు ఐబీడీ. దాని మూలం తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చిట్టెలుకలను ఎంచుకున్నారు. వాపును అదుపుచేసే ఐఎల్‌-10 ప్రొటీను తాలూకు జన్యువును తొలగిస్తే వాటికి పేగువాపు వస్తుందని 1993లో తేలింది. 1999లో మరో విషయం బయటపడింది. రెండు వారాల వయసుకే, వాపు జాడైనా కనిపించకముందే, ఆ చిట్టెలుకల చిన్నపేగు గోడ ‘లీక్‌’ అవుతోంది. సూక్ష్మజీవులేవీ లేనిచోట పెంచితే మాత్రం ఆ ఇబ్బంది లేదు. అంటే జన్యులోపానికి పేగుల్లోని బ్యాక్టీరియా తోడవ్వాలన్నమాట! మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని చెప్పలేం. అయినా వారాలతరబడి విరేచనాలు, మలంలో రక్తం, బరువు తగ్గడం ఉంటే ‘మొలలేలే’ అని ఊరుకోకండి. డాక్టర్‌ని కలవండి.