తెగినది ఎక్కడ?

తప్పు ఎక్కడ జరిగిందో తెలియకముందే తప్పు ఎవరిదో నిర్ణయించడం మనలో చాలామందికి అలవాటు. ఈ అలవాటు వల్ల రెండు నష్టాలు కలుగుతాయి. నిర్దోషి నింద మోస్తాడు. అసలు లోపం ఉన్నచోటనే ఉండిపోతుంది. మన కళాశాలలో గత సంవత్సరం జరిగిన ఒక చిన్న సంఘటన ఈ సత్యాన్ని నాకు నేర్పింది. కంప్యూటరు శాస్త్రం నా విషయం కాకపోయినా, ఆ నిందలో నాకూ కొంత భాగం ఉన్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2025 ఆగస్టు 17 రాత్రి మన పొరుగున ఉన్న రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటన తరువాత విద్యుత్ స్తంభాలకు వ్రేలాడుతున్న కేబుళ్ళను సిబ్బంది కోసివేయడం ప్రారంభించారు. ఉప్పల్‌లోనూ, నగరంలోని మరెన్నో పేటలలోనూ ఇంటర్నెట్ ఆగిపోయింది. వివాదం హైకోర్టు వరకు వెళ్ళింది. ప్రాణం కంటె తీగ గొప్పది కాదు. స్తంభాలపై సాలెగూళ్ళవలె అల్లుకున్న కేబుళ్ళను ఏనాడో సరిచేయవలసింది. అయితే ఆ రోజులు మనకొక సిద్ధమైన జవాబును కూడా ఇచ్చిపోయాయి. కంప్యూటరు ఏ కారణంచేత పలకకపోయినా, “తీగలు కోశారు కదా!” అనడం పరిపాటి అయింది.

ఆ జవాబునే నేను కూడా ఒక విద్యార్థినికి ఇచ్చి పంపాను.

ఆమె నాచారం నుండి వచ్చి చదువుకుంటున్న చివరి సంవత్సరపు విద్యార్థిని. దాఖలు, హాజరు, జవాబు, వసూలు వంటి, ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడిన పదాలను పలికించి వినిపించే ఒక ప్రోగ్రాంను ముగ్గురు విద్యార్థులు కలిసి తయారుచేస్తున్నారు. పదాల ఎంపికలో నేను వారికి సహాయకుణ్ణి. ఎవరు ఏ భాగం వ్రాసినా దానిని కళాశాల సర్వరుకు పంపాలి. గడువులోగా సర్వరుకు చేరినదానికే మార్కులు.

ఆ సర్వరు చేసే పనిని తెలుగు విద్యార్థులకు నేను ఈ విధంగా చెబుతుంటాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించడానికి ముందు అనేక వ్రాతప్రతులు సేకరించి, పాఠభేదాలను పోల్చి చూశారు. ఏ లేఖకుడు ఏ మాటను ఎప్పుడు మార్చాడో చెప్పే సాక్ష్యం ఆయనకు లేదు. ప్రోగ్రాములు వ్రాసేవారికి అటువంటి సాక్ష్యాన్ని కల్పించేదే గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన ఈ సాధనం ప్రతి మార్పునూ, మార్చినవారి పేరుతోను తేదీతోను భద్రపరుస్తుంది. సర్వరులో ఉండేది అందరికీ ఉమ్మడి ప్రతి.

ఆ విద్యార్థిని పంపిన పని మాత్రం సర్వరుకు చేరలేదు. ఇంటినుండి ఎన్నిసార్లు ప్రయత్నించినా సంబంధం మధ్యలోనే తెగిపోయేది. తోటివారు ఆమె పని చేయలేదన్నారు. ఆమె ఇంటర్నెట్ సంస్థను తప్పుపట్టింది. ప్రయోగశాలవారు సర్వరు పాతబడిందన్నారు. క్రొత్తది కొనాలన్న ప్రతిపాదన కూడా బయలుదేరింది. నేను తీగల మాట చెప్పాను. నలుగురం నాలుగు తీర్పులు ఇచ్చాము. ఒక్కరమైనా విచారణ జరపలేదు.

విచారణ జరిపినవారు కంప్యూటరు విభాగంలోని ఒక యువ ఉపన్యాసకులు. ఆయన మొదట ఒక నోటుపుస్తకం తెరిచి, సంబంధం కలిసిన వేళ, తెగిన వేళ వ్రాయమని ఆమెను కోరారు. నాలుగు రోజుల లెక్క చూస్తే విశేషం బయటపడింది. రాత్రి తొమ్మిదికైనా, తెల్లవారుజామునైనా, కలిసిన ఐదు నిమిషాలకే సంబంధం తెగుతున్నది. కోసిన తీగ ఇలా ప్రవర్తించదు. గాయం వేళాపాళా చూసి తగలదు. నియమం మాత్రమే గడియారం చూసుకుంటుంది. కావున ఇది ప్రమాదం కాదు, ఎక్కడో ఎవరో పెట్టిన నియమమని ఆయన గ్రహించారు.

ఆ నియమం ఎక్కడ ఉన్నది? మన ఉప్పల్ రోడ్డులో, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూమి కంపించినప్పుడు కంపన కేంద్రం ఎక్కడో తేల్చడానికి ఒక్క చోటి నమోదు చాలదని, కనీసం మూడు చోట్ల నమోదులను పోల్చాలని భూకంప శాస్త్రం చెబుతుంది. మా మిత్రుడు కూడా మూడు పరీక్షలు చేశారు. ఆమె లాప్‌టాప్‌ను ప్రయోగశాలకు తెప్పించి, అక్కడి తీగకే కలిపి పంపితే పని చక్కగా చేరింది; అంటే సర్వరు నిర్దోషి. అదే లాప్‌టాప్‌ను కళాశాల బయట, వేరొక సంస్థ ఇంటర్నెట్‌కు కలిపితే మళ్ళీ ఐదు నిమిషాలకే తెగింది. అంటే ఆమె ఇంటి ఇంటర్నెట్ కూడా నిర్దోషి. ఇక మిగిలినది లోపలికీ బయటికీ మధ్య నిలిచిన ద్వారపాలకుడు, అనగా మన ఫైర్‌వాలు. మూడవ పరీక్షగా బయటినుండే ఒక క్రొత్త లాప్‌టాప్‌తో అదే పనిని పంపారు. అది తెగకుండా చేరింది! ఇక్కడే అసలు ముడి విడిపోయింది.

గిట్ ముందుగా సర్వరు తలుపు తట్టి, నీవద్ద ఏమేమి ఉన్నవని అడుగుతుంది. జవాబు రాగానే పంపవలసినదంతా పోగుచేసి, కుదించి, మూట కట్టడం మొదలుపెడుతుంది. ఆ మూట కట్టేంతసేపు తలుపు తెరిచే ఉంటుంది కాని మాట ఉండదు. మన ఫైర్‌వాలు ఐదు నిమిషాలు మాట వినబడకపోతే, ఎవరూ లేరనుకొని ఆ సంబంధాన్ని తెంచివేస్తుంది. తీరా మూట సిద్ధమై బయలుదేరేసరికి తలుపు మూసి ఉంటుంది. క్రొత్త లాప్‌టాప్ రెండు నిమిషాలలో మూట కడుతుంది. ఆమెది అన్న వాడి విడిచిన పాత యంత్రం. పైగా ఆమె వాటాకు వచ్చినవి పెద్ద పెద్ద ధ్వనిముద్రణలు. ఆమె మూటకు పది నిమిషాలు కావాలి.

ఇటువంటి పరికరాలు మౌనంగా ఉన్న సంబంధాన్ని 2 గంటల 4 నిమిషాలకంటె ముందు తెంచరాదని ఇంటర్నెట్ ప్రమాణాలలోని ఆర్.ఎఫ్.సి. 5382 అనే పత్రం 2008లోనే చెప్పింది. లినక్సు కంప్యూటరు సైతం తన అలవాటు ప్రకారం 7200 సెకన్లు, అనగా రెండు గంటలు గడిచాకనే అవతలివారు ఉన్నారా అని పలకరిస్తుంది. ఐదు నిమిషాల ద్వారపాలకుని ముందు రెండు గంటల పలకరింపు ఏపాటిది?

చికిత్స చిన్నదే. ఆమె కంప్యూటరులోని ఎస్.ఎస్.హెచ్. అమరికలలో ‘సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 60’ అనే ఒక్క పంక్తి చేర్చారు. దానితో ప్రతి అరవై సెకన్లకూ ఒక చిన్న సందేశం వెళ్ళి, సర్వరునుండి జవాబు తెస్తుంది. తరగతిలో మేము ‘హాజరు’ పిలిచినట్లే! ఆమె చేర్చదలచిన పదాలలో ఒకటి ఆమెకే అక్కరకు వచ్చింది. తరువాత ఫైర్‌వాలు గడువునూ పొడిగించారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఈ కథను చమత్కారంగా చెప్పి ముగిస్తే నేను నా బాధ్యత తప్పినట్లే. ఐదు నిమిషాల నియమం అందరికీ సమానమే. కాని దాని దెబ్బ తగిలింది పాత లాప్‌టాప్ ఉన్న అమ్మాయికి మాత్రమే. సోమరి అన్న పేరు వచ్చింది కూడా ఆమెకే. పైకి సమానంగా కనబడే నియమం లేనివారిమీదనే భారం మోపగలదని ఏ నీతిగ్రంథమూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు విద్య అందించడానికే ఏర్పడిన కళాశాలలో ఈ సంగతి మనకు మరింత బాగా తెలిసి ఉండవలసింది.

కళాశాల సంఘం పెద్దలకు నా మనవి ఇది. క్రొత్త సర్వరు ప్రతిపాదనకు ముందు లోపాల నోటుపుస్తకం ఒకటి ప్రయోగశాలలో ఉండాలి. ఎప్పుడు తెగింది, ఎక్కడినుండి తెగింది, ఏ సందేశం కనబడింది అన్న మూడు గడులు చాలు. అది లేకుండా ఏ కొనుగోలుకూ సమ్మతి ఇవ్వవద్దు. అలాగే, పని సర్వరుకు చేరిన వేళను మాత్రమే చూసి మార్కులు వేయరాదు. ఆ విద్యార్థిని యంత్రంలో ఆమె మార్పులన్నీ రోజువారీగా నమోదై ఉన్నాయి. గడియారం మార్చి తేదీలు మార్చవచ్చునని కొందరు అనవచ్చు. నిజమే, కాని కొద్దికొద్దిగా పెరిగిన పనిని చూపించి, ఏది ఎందుకు మార్చావని అడిగితే, చేసినవారెవరో పది నిమిషాలలో తెలుస్తుంది. గడువు విషయంలో అటువంటి ముఖాముఖికి అవకాశం ఉండాలి.

విద్యార్థులారా! మీకు చెప్పవలసినదీ ఒకటి ఉన్నది. గిట్‌లో ప్రతి సభ్యుని దగ్గరా సంపూర్ణ చరిత్ర గల ప్రతి ఉండగలదు. ఒక ముస్‌హఫ్ చిరిగినా హాఫిజుల హృదయాలలో ఖురాను చెక్కుచెదరనట్లు, సర్వరు మూగబోయినా మీ పని నశించనక్కరలేదు. కాని అందుకు మీరు ప్రతిరోజూ నమోదు చేయాలి, స్నేహితుల మార్పులను ప్రతిరోజూ తెచ్చుకోవాలి. గడువు రోజు రాత్రి కొండంత మూట కట్టడం కంటె, దినదినమూ గుప్పెడు పంపడం మేలు. పెద్ద ధ్వనిముద్రణలను వేరే చోట భద్రపరచడం ఇంకా మేలు.

ఆ అమ్మాయికి మార్కులు వచ్చాయి. నేను ఇచ్చిన తొందరపాటు జవాబుకు మాత్రం ఆమె నన్ను ఏమీ అనలేదు. అందుకే నేనే ఇక్కడ అంటున్నాను: సంబంధం తెగినప్పుడు ముందుగా తెగినచోటు వెదుకుదాము, మనిషిని నిందించడం ఆ తరువాత అవసరమే ఉండకపోవచ్చు.