పండుగ పందిరి గుడ్డను ఎవరు పరీక్షించారు?

తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగువారికి బట్ట కొత్త కాదు. 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్ళు చాలామంది. గుడ్డను వేళ్ళతో నలిపి నూలో కాదో చెప్పేస్తారు. కానీ ఆ గుడ్డకు నిప్పంటితే ఎంతసేపట్లో కాలిపోతుందన్న ప్రశ్న మన ఇళ్ళలోనూ వినపడదు, సంఘాల్లోనూ వినపడదు. క్రిస్మస్‌కు షామియానాలు, నెట్ గౌన్లు, దూది మంచు, కొవ్వొత్తులు ఒకే చోట చేరతాయి. కాబట్టి ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోవాలి.

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతోంది. సింథటిక్ గుడ్డతో వేసిన పందిరికి నిప్పంటుకుంది. కాలుతున్న గుడ్డ కరిగి జనం మీద పడింది. కొద్ది నిమిషాల్లోనే నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. 2004 జూలై 16న మన తమిళనాడులోనే, కుంభకోణంలో, పాఠశాల పూరికప్పు అంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయారు. నిప్పు ఎక్కడ పుట్టినా, దాన్ని పిల్లల దాకా మోసుకొచ్చింది తలపైన ఉన్న పలుచని కప్పే.

గుడ్డ కాలే వేగాన్ని కొలవడం కష్టమేమీ కాదు. అమెరికాలో మంట ఇట్టే పాకే స్వెట్టర్లు, పిల్లల కౌబాయ్ దుస్తులు ప్రాణాలు తీశాక 1953లో చట్టం చేశారు. అక్కడి పరీక్షలో గుడ్డ ముక్కను 45 డిగ్రీల వాలులో ఉంచి, ఒక్క సెకను మంట తగిలిస్తారు. నున్నని గుడ్డ మీద మంట సుమారు 127 మిల్లీమీటర్ల దూరాన్ని మూడున్నర సెకన్ల లోపే పాకితే, ఆ గుడ్డతో ఉడుపులు కుట్టి అమ్మకూడదు. మన దేశంలో వాహనాల లోపలి సీటు గుడ్డలు, తొడుగులకు ప్రమాణం ఉంది. గుడ్డను అడ్డంగా పరచి కాల్చినప్పుడు మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లు మించి పాకకూడదు. అయితే బస్సులో తెర నిలువుగా వేలాడుతుంది, నిలువు గుడ్డ మీద మంట ఎన్నో రెట్లు వేగంగా పైకి ఎగబాకుతుంది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సులో 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర మళ్ళీ అదే ఘోరం. ప్రమాదానికి కారణాలు వేరు కావచ్చు. ప్రయాణికుడి చుట్టూ ఉన్న తెరలు, పరుపులు అతనికి తప్పించుకొనే సమయం ఇచ్చాయా అన్న ప్రశ్న మాత్రం ఒక్కటే.

ఈ ప్రశ్న పేదల ఇంట మరీ పదునైనది. ఇటుక బట్టీల దగ్గర టార్పాలిన్ గుడిసెలో నిద్రపోయేది ఎవరు? చవకగా దొరికే సింథటిక్ చీర కట్టుకొని పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? 2001లో మన దేశంలో మంటల వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారనీ, వారిలో సుమారు 1,06,000 మంది స్త్రీలనీ ఒక పరిశోధన లెక్క తేల్చింది. వీటిలో ప్రమాదాలున్నాయి, హింసా ఉంది. 'జాగ్రత్తగా ఉండవలసింది' అని చనిపోయిన ఆమెను తప్పుపట్టడం సులువు. ఏ గుడ్డ ఎలా కాలుతుందో కొనేవాళ్ళకు చెప్పని వ్యాపారాన్నీ, చెప్పించని ప్రభుత్వాన్నీ అడగడమే న్యాయం.

యువతకు ఒక మాట. గుడ్డ నుంచి ఒక్క దారప్పోగు తీయండి. పెద్దలు దగ్గరుండగా, ఆరుబయట, నీళ్ళ పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్, నైలాన్ ముడుచుకొని, కరిగి, గట్టి పూసలా మారతాయి. ఒంటి మీద కరిగితే చర్మానికి అతుక్కుంటాయి. అలాగని నూలు క్షేమమని కాదు, పలుచని నూలు గుడ్డ కూడా భగ్గున మండుతుంది. రెండూ కలిసిన గుడ్డలో నూలు వత్తిలా పనిచేసి మంటను నిలబెడుతుంది. ఈ పరీక్ష గుడ్డ దేనితో నేసిందో చెబుతుంది గాని, పందిరికి పనికొస్తుందని హామీ ఇవ్వదు.

అందుకే సంఘ పెద్దలు షామియానా యజమానిని అడగాలి: ఈ గుడ్డకు మంట నిరోధక మందు పట్టించారా? పరీక్ష పత్రం ఉందా? తాత్కాలిక పందిళ్ళ అగ్ని జాగ్రత్తలకు భారతీయ ప్రమాణం, ఐఎస్ 8758, ఉంది. అది అలంకారానికి రాసింది కాదు. బయటికి కనీసం రెండు దారులు విడిగా ఉంచండి. గుడ్డ దగ్గర కొవ్వొత్తి వద్దు. నెట్ గౌను వేసుకొన్న పాప చేతికి అసలే వద్దు.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము హెచ్చరిస్తుంది. పందిరి వేసేవారికీ అదే బాధ్యత. ఈ ఏడు పాటల జాబితా కంటే ముందు పందిరి గుడ్డ సంగతి తేల్చుకుందాం.