పదేళ్లు దాటిన బండి, తిరిగింది 28 వేలే... సంబరపడాలా?

'పోలో జీటీ టీఎస్‌ఐ, 2014 మోడల్, సింగిల్ ఓనర్, 28 వేలే తిరిగింది.' అర్ధరాత్రి ఫోన్‌లో ఇలాంటి యాడ్ కనిపిస్తే కనిగిరి కుర్రాడికి ఇక నిద్ర పట్టదు. ఫెరారీలు మనకి రీల్స్‌లోనే. పామూరు రోడ్డు మీద స్పోర్ట్స్ కారు సరదా తీర్చుకోవాలంటే మన బడ్జెట్‌కి అందేది ఇదే. 2013లో వచ్చింది. 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. 2022లో పోలో తయారీ ఇక్కడ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కావాలంటే సెకండ్ హ్యాండే గతి.

అమ్మేవాడిని మీరు ముందు అడగాల్సింది రేటు కాదు. 'అన్నా, ఇన్నేళ్లు బండి ఎందుకు తిప్పలేదు?' అని అడగండి. ఓనర్ అమెరికా వెళ్లాడా, ఇంట్లో ఇంకో కారుందా, లేక రిపేర్‌కి డబ్బుల్లేక షెడ్డులో పడుందా? జవాబు సూటిగా రాకపోతే మీటర్ మీదే అనుమానపడాలి. మీటర్ తిప్పేయడం పెద్ద విద్యేం కాదు. తిప్పలేనివి వేరే ఉన్నాయి. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూడండి. 28 వేలకి పెడల్ నున్నగా అరగదు. సర్వీస్ బిల్లుల మీద కిలోమీటర్లు రాసుంటాయి, వరసగా పేర్చి చూడండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా అడగండి. వారం వారం టోల్ గేటు దాటిన బండి 28 వేల దగ్గర ఎలా ఆగింది?

బండి విజయవాడ నుంచి వస్తుంటే ఇంకో భయం ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో టీవీల్లో చూశాం. నీళ్లలో మునిగిన బండి పాలిష్ కొడితే తళతళలాడుతుంది, మీటర్ కూడా తక్కువే చూపిస్తుంది. అందుకే సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార కనిపిస్తుందేమో. స్టెప్నీ తీసి కింది గుంటలో తుప్పుందా చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి, సిగ్గుపడక్కర్లేదు. ఆ ఏడాది తర్వాతి ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఉన్నట్టుండి సున్నా అయిందంటే, ఏదో క్లెయిమ్ చేశారని అర్థం. ఎందుకో చెప్పించుకోండి.

మునగకపోయినా, కదలకుండా నిలబడ్డ బండి కొత్తగా ఉండిపోదు. ఇంజిన్ ఆయిల్‌కీ, బ్రేక్ ఆయిల్‌కీ కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు, మన ఎండలకి ఆ రబ్బరు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. నాలుగు టైర్ల ఖర్చు రేటులోంచి కొట్టేయండి.

ఇక నీళ్ల సంగతి. కనిగిరి ఫ్లోరైడ్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియేటర్‌ని పాడు చేసేది మాత్రం బోరు నీళ్లలోని ఉప్పులు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసిన బండిలో లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి చూడండి. ఈ బండిలో కూలెంట్ గులాబీ రంగులో ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే వదిలేయండి.

చల్లారాక అన్నాను కదా, అసలు మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే వాళ్లు ఏదో దాస్తున్నట్టే. చలి ఇంజిన్‌లోనే గరగర శబ్దాలు, పొగ బయటపడతాయి.

అన్నిటికన్నా పెద్ద గండం గేర్‌బాక్స్. డ్రైవ్ అంటే చాలామంది ఖాళీ హైవే మీద 100 తొక్కి 'సూపర్' అంటారు. డీఎస్‌జీ జబ్బు అక్కడ కనిపించదు. సంత రోజు బజార్లో నడిపినట్టు నత్తనడకన నడపండి. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వణికినా, రివర్స్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు కుదిపినా క్లచ్ పని దగ్గర పడినట్టే. మెకట్రానిక్స్ అనే భాగం పోతే బిల్లు లక్షల్లో ఉంటుంది. స్విఫ్ట్‌ని కళ్లు మూసుకుని విప్పే మన మెకానిక్ అన్నకి కూడా దీనికి స్కానర్ కావాలి.

కాగితాలు క్లుప్తంగా: తెలంగాణ, కర్ణాటక నంబర్ అయితే ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఆ డబ్బు కలిపితే ఏపీ 27 నంబర్ బండే చవకని తేలొచ్చు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తీసుకోండి. 2014 బండి ఆర్‌సీ 2029 దాకానే, తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. చలాన్లు ఫోన్లోనే చూసుకోవచ్చు.

అడ్వాన్స్ ఇచ్చేముందు వర్క్‌షాప్‌లో స్కాన్ చేయిద్దాం, ఖర్చు నాదే అనండి. సరే అంటే మాటలు కొనసాగించండి. 'బండి కండిషన్‌లో ఉంది సామీ, స్కానింగ్ ఎందుకు?' అంటే నవ్వేసి ఇంటికి బస్సెక్కండి.