శిలువా, నల్లమందూ

మతం నల్లమందు అనే మాట మనవాళ్ల నోట చాలా సులువుగా వస్తుంది. అది అనేశాక ఇక ఆలోచించవలసిన పని లేదనుకుంటారు. పాతికేళ్లపాటు నేనూ విద్యార్థులకు ఆ మాటే చెప్పాను. మా అమ్మ పోయేదాకా అందులోని లోటు నాకు తెలియలేదు.

ఆమె ఒంగోలు వైపు పల్లెలో కూలి మనిషి. చివరి మూడు నెలలూ కాన్సరుతో మంచాన పడింది. రోజూ పొద్దుగూకేవేళకి పేట ఆడవాళ్లు నలుగురు వచ్చి, ఒళ్లు తుడిచి, గంజి పట్టి, చుట్టూ కూర్చుని కీర్తనలు పాడేవారు. చూడవచ్చిన మన మిత్రుడొకడు గడప దిగుతూ, "ఆవిడకి నల్లమందు బాగానే పడుతోందే!" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వుకు సంజాయిషీ ఈ వ్యాసం.

మొదట మార్క్సునే తీసుకుందాం. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో, నల్లమందు ప్రస్తావనకు ముందే, మతం నిజమైన బాధలోంచి పుట్టిందనీ, ఆ బాధపై నిరసన కూడాననీ ఆయన ఒప్పుకున్నాడు. మనవాళ్లు ముందు సగం వదిలి వెనక సగం పట్టుకున్నారు. పైగా ఆ రోజుల్లో నల్లమందు నొప్పికి వైద్యులిచ్చే మందు. నొప్పి తగ్గించకుండా మందు లాక్కునేవాణ్ణి వైద్యుడనరు.

ఇక చరిత్ర. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది చచ్చారు. జనం చస్తూండగానే ధాన్యం ఓడలెక్కింది. సహాయపు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను గింజలూ, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపాడు. కరువు సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

గంజికి మతం మారారని వెక్కిరిస్తారు. మారితే మారారనుకుందాం. ఆకలితో ఉన్నవాడు గంజి పోసిన చెయ్యి ఎవరిదో చూసుకోవడం తప్పా? భౌతికవాదులమని చెప్పుకునే మనమా ఈ మాట అనవలసింది? కాని కాలువగట్టున దొరికింది గంజి ఒక్కటే కాదు. నీ ఆకలి నీ పూర్వజన్మ పాపమని అంతకుముందు వాళ్లకు చెప్పారు. దేవుడే మనిషై వచ్చి, ఏ నేరమూ చెయ్యకుండా అధికారుల చేతిలో శిలువ మీద చచ్చాడని అక్కడ విన్నారు. అంటే బాధపడేవాడు పాపి కానక్కరలేదు. శిక్ష వేసినవాడు నీతిమంతుడూ కానక్కరలేదు. ఈ రెండు ముక్కలు చాలు, కర్మసిద్ధాంతం నడుం విరగడానికి.

అయితే ప్రసంగపీఠాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. "శిలువ నీ వంతు, మోసుకో" అని కూలివాడికి చెప్పి, ఆసామికి ఏమీ చెప్పని ఉపదేశం ముమ్మాటికీ నల్లమందే. చుండూరు దళితుల్లో చాలామంది క్రైస్తవులు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. తమవాళ్లను ఊరి నడుమనే పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవశిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ సమాధుల ముందు నిలబడి, న్యాయం పరలోకంలో దొరుకుతుందిలే అని ఊరుకోబెట్టేవాడు శిలువ వేసినవాడి పక్షం. ఈ చావులు వృథా పోనివ్వమని కోర్టు మెట్లెక్కేవాడు శిలువెక్కినవాడి పక్షం. అతడు ప్రార్థన చేస్తాడా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న.

మా అమ్మ తిరిగి లేస్తానని నమ్మింది. నేను నమ్మను. కాని మేస్త్రీ పుస్తకంలో తప్ప ఎక్కడా పేరెక్కని మనిషికి, తన బతుకూ తన నొప్పీ ఒకచోట లెక్కలోకి వస్తాయన్న ధీమా ఆ నమ్మకమే ఇచ్చింది. ఆమె అడిగిన లెక్క న్యాయమైనదే. దాన్ని ఈ లోకంలోనే తేల్చాలన్నది మన వాదం. తేల్చలేకపోయిన మనం ఆమెను చూసి నవ్వడం ఏం అభ్యుదయం?

కీర్తనలు పాడిన ఆ నలుగురూ మరుసటి ఏడు నాట్ల కాలంలో కూలిరేట్ల కోసం పని మానేసి గట్టున కూర్చున్నారు. మత్తులో ఉన్నవాళ్లు రేటు అడగరు.

మన సంఘానికి బతికేవాడికి చెప్పడానికి చాలా మాటలున్నాయి. చచ్చేవాడికి చెప్పడానికి ఒక్కటీ లేదు. ఆ మాట వెతకడం మన పని. అది దొరికేదాకా, పేటలో ఎవరైనా మంచాన పడితే వెళ్లి పక్కన కూర్చుందాం. గంజి పట్టే చెయ్యి మనదీ అయ్యాక వాదానికి దిగుదాం.