నెల రోజులు లా ఫర్ములో

"అయ్యగారూ, మా అమ్మాయి లా చదువుచున్నది. సెలవులలో హైదరాబాదులో ఏదో లా ఫర్ములో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేయవలెనట. జీతము ఇస్తారో లేదో తెలియదట. పని చేయించుకొని జీతము ఇవ్వని ఉద్యోగమేమిటి?" ఇటువంటి ప్రశ్నలు ఈ మధ్య మా వద్దకు తరచుగా వచ్చుచున్నవి. ఒకప్పుడు మన పల్లె కుటుంబములకు టీచరు ట్రైనింగు, నర్సు ట్రైనింగు తప్ప వేరే దారి కనబడేది కాదు. ఇప్పుడు మన పిల్లలు లాసెట్ వ్రాసి న్యాయశాస్త్రములోనికి వెళ్లుచున్నారు. సంతోషమే. అయితే ఆ చదువులోని ఈ భాగమును గూర్చి తల్లిదండ్రులకు చెప్పేవారు తక్కువ. అందుకే ఈ నెల దీనినే తీసికొన్నాము.

ఇది చదువులో ఒక భాగము. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన నియమముల ప్రకారము మూడేండ్ల లా కోర్సువారు మొత్తము మీద కనీసము 12 వారములు, అయిదేండ్ల కోర్సువారు 20 వారములు ఇటువంటి పని అనుభవము పొందవలెను. ఏ సంవత్సరములోను వరుసగా 4 వారములకు మించి చేయరాదు. స్వచ్ఛంద సంస్థలోగాని, కంపెనీలోగాని, లా ఫర్ములోగాని చేయవచ్చును. కాని కోర్టులో వాదించే అడ్వకేట్ల వద్ద ఒక్కసారైనా చేసి తీరవలెను. పెద్దవారి వద్ద కూర్చుండి ధర్మశాస్త్రము నేర్చుకొనుట మనకు వింత కాదు. పౌలు గమలీయేలు వద్ద నేర్చుకొన్నాడని సండే స్కూలు పిల్లలు కూడ చెప్పగలరు.

మరి లా ఫర్ము అంటే ఏమి? ప్లీడరు అనగానే మనకు నల్లకోటు, కోర్టు వరండా, వాయిదాలు గుర్తుకు వస్తాయి. వ్యాపార వ్యవహారములు చూచే లా ఫర్ములో అవి తక్కువ. చాలామంది అడ్వకేట్లు ఒకే సంస్థగా కూడి కంపెనీల పని చేస్తారు. ఒక కంపెనీ మరొక కంపెనీని కొనునప్పుడు ఒప్పందము వ్రాయుట, బ్యాంకు కోట్ల రూపాయలు అప్పు ఇచ్చునప్పుడు తాకట్టు కాగితములు సిద్ధపరచుట, కొనబోయే కంపెనీ మీద ఎన్ని కేసులు, ఎన్ని బాకీలు ఉన్నవో వెదకి తీయుట, ఇవి వారి పనులు. కోర్టు మెట్లు ఎక్కుట అరుదైన న్యాయవాదులు కూడ అక్కడ ఉంటారు.

విద్యార్థికి మొదట దొరికే పని చప్పగానే ఉంటుంది. రెండు వందల పేజీల ఒప్పందమును చేతికిచ్చి తప్పులు చూడుమంటారు. ఒక పేరాలో చెప్పిన తేదీ మరొక పేరాలో మారినదా, అంకెలలో ఉన్న మొత్తము అక్షరాలలో ఉన్న మొత్తముతో సరిపోయినదా అని చూడవలెను. చిన్న పనే గదా అనుకొనవద్దు. చెక్కు మీదగాని ప్రోనోటు మీదగాని అంకెలకు, అక్షరాలకు తేడా వస్తే అక్షరాలలో వ్రాసిన మొత్తమే చెల్లునని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 18వ సెక్షను చెప్పుచున్నది. ప్రోనోట్ల మీద అప్పులు తెచ్చుకొనే మన ఇండ్లలో ఈ ఒక్క సంగతి ఎందరికి తెలుసు?

ఇంగ్లీషు రాదని, పట్నము పిల్లల ముందు చిన్నబోవుదుమని మన పిల్లలు వెనుకాడుచున్నారు. ఆ భయము నిజమైనదే. అయితే కంపెనీ ఏదైనా ఫ్యాక్టరీకో సోలారు ప్లాంటుకో భూమి కొనునప్పుడు ఆ భూమి హక్కును పరిశీలించే పని లా ఫర్ముకే వస్తుంది. అప్పుడు బల్ల మీదికి వచ్చే కాగితములేవి? తెలంగాణలోనైతే 1954-55 నాటి ఖాస్రా పహాణీ, తరువాతి పహాణీలు. ఆంధ్రలోనైతే అడంగలు, 1బి. రెండు చోట్లా ఈసీలు, లింకు డాక్యుమెంట్లు, పాసుపుస్తకములు. అన్నదమ్ముల పంపకములో నోటిమాటగా పోయిన ఎకరము ఎవరి పేరున నిలిచినదో, సర్వే నంబరు ఎందుకు రెండు ముక్కలైనదో, పట్నములో పుట్టి పెరిగిన పిల్లవాడు నిఘంటువు చూచి తెలిసికొనవలసిన సంగతులు. రైతుబిడ్డ వాటిని వింటూ పెరిగినది. తెలుగులో చేతితో వ్రాసిన పాత దస్తావేజును చక్కగా చదివి, దాని సారమును సరళమైన ఇంగ్లీషులో పది వాక్యములలో వ్రాయగల విద్యార్థికి అక్కడ విలువ ఉన్నది. ఆ పది వాక్యములు ఇంటి దగ్గరనే అభ్యాసము చేయండి. మీ సొంత పొలము కాగితములతోనే మొదలుపెట్టండి.

ఇక రహస్యము మాట. అక్కడ చూచిన కాగితముల సంగతి ఇంటిలో గాని, ఆరాధన అయిన తరువాత చర్చి ఆవరణలో గాని చెప్పరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న సాక్ష్య చట్టము అడ్వకేటుకే గాక ఆయన వద్దనున్న గుమస్తాలకు, ఉద్యోగులకు కూడ క్లయింటు రహస్యమును కాపాడు బాధ్యత పెట్టినది. షేరు మార్కెట్టులో ఉన్న కంపెనీ అమ్ముడుపోవుచున్నదని తెలిసి అన్నయ్యకు చెవిలో చెప్పినా, ఆ అన్నయ్య షేర్లు కొన్నా, 2015 నాటి సెబీ నిబంధనల క్రింద ఇద్దరూ చిక్కుకుంటారు. కాగితమును ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టుట, కృత్రిమ మేధ యాప్‌లో వేసి అర్థము అడుగుట కూడ ఈ కోవలోనివే. పిల్లలకు ఇది చెడ్డ పనిగా తోచదు. అందుకే ముందే చెప్పవలెను.

డబ్బు విషయము. కొన్ని సంస్థలు కొంత స్టయిపెండు ఇచ్చుచున్నవి, చాలా చోట్ల ఏమీ లేదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ పట్టణములలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలు ఇవ్వవలెనని సిఫారసు చేసినది గాని, అది జూనియర్ అడ్వకేట్లకు మాత్రమే, విద్యార్థులకు కాదు. హాస్టలు, బస్సు, భోజనము కలిపితే నెల రోజులకు కూలి చేసే కుటుంబము తట్టుకొనలేనంత అవుతుంది. ఇది అన్యాయమే. పరిచయములున్న ఇంటి పిల్లలకు సులువుగా దొరికే చోటు, పరిచయము లేని ఇంటి పిల్లకు అప్పు చేసి సంపాదించవలసినదిగా ఉన్నది. సంఘములు పెండ్లి పందిళ్లకు చందాలెత్తుచున్నవి. పట్నములోని విశ్వాసుల ఇంట నెల రోజులు ఒక గది ఇప్పించుట కూడ మన చేతిలో ఉన్న సహాయమే.

ఈ ఇబ్బంది వలన కొందరు అడ్డదారి తొక్కుచున్నారు. "అయ్యగారూ, మన సంఘములోని ప్లీడరుగారితో చెప్పి, ఇరువది వారములు చేసినట్లు సర్టిఫికెట్టు వ్రాయించండి" అని మమ్మును అడిగినవారు ఉన్నారు. మేము ఒప్పుకొనలేదు. చేయని పనిని చేసినట్లు వ్రాసిన కాగితముతో మొదలైన న్యాయవాది, రేపు విధవరాలి భూమి దస్తావేజును ఏ కంటితో చూచును? ఆ తల్లిదండ్రులకు కోపము వచ్చినది. ఆ పిల్లవాడు మాత్రము ఆ వేసవిలో జిల్లా కోర్టులోని ఒక అడ్వకేటుగారి వద్ద నాలుగు వారములు నిజముగానే కూర్చున్నాడు. ఇంటినుండి బస్సులో వెళ్లి వచ్చాడు, ఖర్చు చార్జీలు మాత్రమే.

కుమార్తెలను పంపుటకు జంకే తల్లులకు ఒక మాట. పని స్థలములో స్త్రీల రక్షణకై 2013లో వచ్చిన చట్టము ట్రైనీలకు కూడ వర్తించును. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోను ఫిర్యాదులు వినే కమిటీ ఉండవలెను. మూడు నెలలలోపు వ్రాసి ఇవ్వవలెను. చేరిన మొదటి దినమే ఆ కమిటీలో ఎవరున్నారో అడుగుమని చెప్పండి. సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు.

దరఖాస్తు కొన్ని నెలల ముందే పంపవలెను. ఒక పేజీకి మించని బయోడేటా, దానితో నాలుగు వాక్యముల ఉత్తరము, కాలేజీ ప్రిన్సిపాలు సంతకముతో ఒక లెటరు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్లకోటు, నల్ల బూట్లు కావలెను. కోటు కొత్తది కుట్టించనక్కర లేదు, చదువు ముగించిన సీనియర్లను అడిగితే దొరుకుతుంది.