మన పిల్లలకి డిబేట్ ఎందుకు కావాలి?



ఆగస్టు 9 దగ్గరపడితే ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో వక్తృత్వ పోటీలు పెడతారు. సారు రాసిచ్చిన రెండు పేజీలు బట్టీ పట్టడం, మైకు ముందు "వేదిక మీదున్న పెద్దలకు" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పడం, ఒక స్టీలు ప్లేటో గ్లాసో తెచ్చుకోవడం. మధ్యలో ఒక్క లైను మర్చిపోతే ఇక ఏడుపే. నేను చెప్పేది దీని గురించి కాదు, డిబేట్ గురించి. అందులో అవతలివాడు ఏమంటాడో ముందు తెలీదు. విని, అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. మన హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు కంటే ముందు ఇది కావాలంటాను.

పదో తరగతి పిల్లకి 15 ఏళ్లనుకోండి. ఇంకో మూడేళ్లలో ఆమె గ్రామసభ సభ్యురాలు. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ జరగాలంటే సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఈ లెక్క ఎన్ని ఊళ్లలో తెలుసు? సార్లు జీపులో వస్తారు, కాగితం గబగబా చదువుతారు, రిజిస్టరులో సంతకాలూ వేలిముద్రలూ పడతాయి, టీ తాగి వెళ్లిపోతారు. అక్కడ ఒక్కరు లేచి "సార్, కోరం ఉందా? ఆ తీర్మానం మా భాషలో మళ్లీ చదివించండి" అంటే సభ నడిచే తీరే మారిపోతుంది. ఆ ఒక్కరు ఎందుకు లేవట్లేదు? చట్టం తెలియక కొంత. తెలిసినా పదిమందిలో గొంతు పెగలక ఇంకా ఎక్కువ.

2013లో నియమగిరిలో 12 గ్రామసభలు జరిగాయి. సుప్రీంకోర్టు చెప్పినట్టే జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నారు. ఆయన ముందు కొంధులు తమ భాషలో కొండ గురించి, తమ దేవుడి గురించి చెప్పారు. పన్నెండుకి పన్నెండు సభలూ గని వద్దన్నాయి. వాళ్లు ఏ డిబేట్ క్లబ్బులోనూ నేర్చుకోలేదు కదా అంటారా? నిజమే. ఏళ్ల తరబడి పోరాటంలో, మీటింగు తర్వాత మీటింగులో మాట్లాడి మాట్లాడి వచ్చిన ధైర్యం అది. చిన్నప్పుడే హాస్టల్లో పడి ఊరి మీటింగుకి దూరమైన మన పిల్లలకి ఆ అలవాటు ఎక్కడ దొరుకుతుంది?

ఇక జీవో నంబర్ 3 సంగతి చూడండి. 2000లో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనకి కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ కోర్టు ఏ కారణాలు చెప్పిందో మనలో ఎంతమంది చెప్పగలరు? నూరు శాతం ఇస్తే మిగతావాళ్లకి అవకాశమే ఉండదని, స్థానికులు కాని ఎస్టీలకీ నష్టమేనని అంది. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఒకరిని జీవో వైపు, ఇంకొకరిని కోర్టు వైపు మాట్లాడమనండి. మరుసటి వారం వైపులు మార్చండి. మొదటి వారం "ఇది అన్యాయం" అని ఆగిపోయిన పిల్లాడే తర్వాత "టీచరుకి కువి రాకపోతే ఒకటో తరగతి పిల్లకి పాఠం ఎలా అర్థమవుతుంది? మైదానం నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగ్గా రాకపోతేనే కదా ఈ జీవో పుట్టింది?" అని అడుగుతాడు. కోపం అదే, ఇప్పుడు దానికి కాళ్లొచ్చాయి.

"కంపెనీ తరఫున కూడా మాట్లాడటం నేర్పిస్తారా?" అని ఒక అన్న అడిగాడు. నేర్పిస్తాం. రేపు కంపెనీ మనిషి ఊళ్లోకి వచ్చి ఉద్యోగాలు, రోడ్డు, ఆసుపత్రి అన్నప్పుడు మన పిల్ల ఆ మాట మొదటిసారి వింటున్నట్టు ఉండకూడదు. 1997 సమత తీర్పు కూడా ఊరికే రాలేదు. గని లీజుల మీద ప్రభుత్వం చెప్పే ప్రతి మాటకీ కోర్టులో ఎవరో ఓపిగ్గా జవాబు చెప్తేనే వచ్చింది.

పెద్దలు అనే ఇంకో మాట నాకు బరువుగానే అనిపిస్తుంది. మన ఊళ్లో గెలుపూ ఓటమీ ఉండవు, అందరూ ఒప్పుకునేదాకా కూర్చుని మాట్లాడుకుంటాం, పోటీ మన పద్ధతి కాదు అని. అందుకే ఒక నియమం పెట్టుకుందాం. జవాబు చెప్పే ముందు అవతలివాళ్ల మాటని వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే మార్కుల్లేవు. మన పెద్దల కూటమిలో ఉండే పద్ధతే ఇది. "పెద్దోళ్లకి ఎదురు చెప్తారా" అనే సార్లకి మాత్రం నా దగ్గర ఇంత ఓపిక లేదు.

భాష సంగతి కూడా. మొదటి రౌండు కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో పెట్టండి, తర్వాత తెలుగు. తెలుగు తడబడుతుందని నోరు మూసుకున్న పిల్లలు సొంత భాషలో ఎలా మాట్లాడతారో అప్పుడు వినండి.

వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు. హాస్టల్ వరండా, ఒక వాచీ, నలుగురు పిల్లలు చాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, జవాబుకి రెండు. వైపు చీటీ తీసి తేల్చండి. మొదటి టాపిక్: "1/70 చట్టం ఉన్నా ఏజెన్సీలో భూములు ఎందుకు చేతులు మారుతున్నాయి? తప్పు ఆఫీసులదా, మనదా?" చీటీలో "మనదే" అని వచ్చినవాళ్లు అలగొద్దు. ముందు ఇంటికెళ్లి అమ్మమ్మని, తాతని అడిగి రండి.