రోగము వచ్చిన తరువాతనే మందా?

దసరా వెళ్లిన వారమునకు ఆలేరు రైలుస్టేషనులో ఒక ఉదయము నిలుచుండి చూచినవారికి మన కూలిజనుల స్థితిని గూర్చి వేఱుగ ఉపన్యాసము చెప్పనక్కఱలేదు. ఇంటిమగ్గము విడిచిన పద్మశాలి యువకులు మూటలతో సికింద్రాబాదు బండికై కాచియుందురు. వారి ప్రయాణము అచ్చటితో ఆగదు. భివండి, షోలాపురము, సూరతు సాంచెల కార్ఖానాలవఱకు పోవును. వీరు పోవు దినములలోనే ఒడిస్సాలోని బలాంగీరు, నువాపడ ప్రాంతములనుండి సర్దారుల వెంట కుటుంబములు పిల్లాపాపలతో మన జిల్లా ఇటుక బట్టీలకు వచ్చును. పోయినవాడు అక్కడ పరదేశి, వచ్చినవాడు ఇక్కడ పరదేశి. ఇరువురిలో ఎవనినిగాని ఉన్నచోటి దవాఖానలో తనవాడని చెప్పువాడు లేడు.

గత మాసమున భివండి సాంచెలలో పనిచేయు యువకుడొకడు మా కార్యాలయమునకు వచ్చెను. వ్యాజ్యము కొఱకు కాదు. ఎనిమిదిమంది నిదురించు గదిలో తానుండుట, తోటివారిలో ఒకనికి ఎయిడ్సు క్రిమి అంటుకొని యున్నట్లు తెలియుట, తానును ఎన్నడును తప్పు త్రోవ త్రొక్కనివాడు కాకపోవుట, ఇంట భార్య యుండుట, ఇవన్నియు దాచక చెప్పెను. రోగము రాకుండ దినమునకొక మాత్ర మ్రింగు ఉపాయము గలదని విని, అక్కడి సర్కారు దవాఖానలో అడిగెనట. స్థానిక చిరునామా కాగితము తెమ్మనిరట. ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడను అడిగెనట. రక్తము ఉచితముగనే పరీక్షించిరి. "రోగం లేదని కాయితమిచ్చిండ్రు వకీలు సాబ్. మందు మాత్రం రోగమున్నోళ్లకేనట" అని ఆ కాగితమును నా బల్లమీద పెట్టెను. ఇరువది యేండ్ల వకాలతులో ఇంతకంటె చక్కని ఫిర్యాదును నేను వ్రాయలేదు.

అతడు విన్న మాట నిజము. టెనోఫోవిర్, ఎమ్ట్రిసిటబిన్ అను రెండు మందులు కలిసిన ఆ మాత్రకు వైద్యులు 'ప్రెప్' అని పేరిడిరి. క్రమము తప్పక సేవించినచో సంపర్కమువలన హెచ్.ఐ.వి. అంటుకొను ప్రమాదము నూటికి 99 పాళ్లు తగ్గును. అమెరికా 2012లో దీనిని అంగీకరించెను. ప్రమాదమెక్కువగల వారందఱకును ఈయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పెను. మన జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థయు 2022లో దీనికి మార్గదర్శకములు ప్రకటించెను. కాగితముమీద అంతయు సిద్ధము! అయినను అక్కడక్కడ ప్రయోగముగ నడిపిన కేంద్రములలో తప్ప సామాన్యునికి ఆ మాత్ర సర్కారు దవాఖానలో ఉచితముగ దొరకునట్టి వస్తువు కాలేదు. డబ్బున్నవాడు మందుల దుకాణమునకు పోయి కొనును. సాంచె కూలి ఏమి కొనును?

సర్కారు చేసిన మేలును మేము మఱుగుపఱచము. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ఈ రోగమునకు ఉచితముగ మందిచ్చుచున్నారు. 2017నుండి క్రిమి కనబడిన వెంటనే చికిత్స ఆరంభించుచున్నారు. లక్షలాది ప్రాణములు దీనివలన నిలిచినవి. దేశమున నేడు సుమారు 25 లక్షలమంది ఈ క్రిమితో జీవించుచున్నారు. తెలంగాణమున దీని వ్యాప్తి దేశపు సగటుకంటె ఎక్కువ. కాని ఒక విచిత్రము గమనింపుడు. రోగులకు ఉచితముగ ఇచ్చు మాత్రలోను ఆ టెనోఫోవిరే యున్నది. అదే మందు, అదే అల్మారా, అదే గుమాస్తా. రోగము తెచ్చుకొని వచ్చినవానికి జీవితాంతము ఇత్తుము, రోగము వలదని వచ్చినవానికి ఒక్క దినమునకును ఈయమనుట ఏ అర్థశాస్త్రము?

బీమా కార్డు లేనందున ఈ చిక్కు వచ్చినదని కొందఱు మిత్రులందురు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీయు, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారతును ప్రధానముగ దవాఖానలో చేర్చుకొని చేయు చికిత్సలకు ఏర్పడినవి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినను, దినమునకొక నివారణ మాత్రకు అందులో చోటేది? కార్డున్నవానికే దొరకనిది కార్డు లేని ఒడిస్సా కూలికి దొరకునా? కావున కార్డులు పంచినంతమాత్రమున ఈ పని కాదు. రోగనివారణము బీమా వ్యవహారమే కాదు. అది సర్కారు ప్రథమ ధర్మము.

చట్టము మాట కొంచెము చెప్పవలెను, అది మా వృత్తి. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చెను. దాని 13వ సెక్షను ఈ రోగము వ్యాపింపకుండ మార్గదర్శకములకు అనుగుణముగ చర్యలు తీసికొనుట కేంద్రరాష్ట్ర ప్రభుత్వముల విధి యని చెప్పుచున్నది. 14వ సెక్షనులో రోగులకు చికిత్స నిచ్చుటకు 'సాధ్యమైనంతవఱకు' అను మాట చేర్చిరి. ఆ మాటను తీసివేయుమని నాడెందఱో మొఱపెట్టుకొనినను వినలేదు. 13వ సెక్షనులో ఆ మాట లేదు. తమకు అవసరమని తోచిన చర్యలు అన్నారు గదా అని సర్కారు వకీలు లేచి అడుగవచ్చును. అవసరమని తోచకపోయినచో 2022లో మార్గదర్శకములు ఎందులకు వ్రాసికొనిరి? ఇక వలస కూలీలకు ఉచిత వైద్యసౌకర్యము కల్పించు భారమును 1979 చట్టము గుత్తేదారుపై నుంచెను. అది బట్టీల దరికి ఎన్నడు చేరెనో బట్టీలవారినే అడుగవలెను. 2025 నవంబరు 21న ఆ చట్టము కొత్త కార్మికస్మృతిలో లయించినది.

కార్డడుగక మందిచ్చుట మన సర్కారునకు తెలియని విద్యయా? పోలియో చుక్కల దినములు జ్ఞప్తికి తెచ్చికొనుడు. రైలుస్టేషనులలో, బస్సునిలయములలో, ఇటుక బట్టీలలో బిడ్డ కనబడినచోట నోట చుక్కలు వేసిరి. ఈ బిడ్డ ఏ రాష్ట్రమువాడు, తండ్రికి తెల్లకార్డున్నదా యని అడిగినవాడు లేడు. అట్లు చేసినందుననే 2014 మార్చిలో ఈ దేశము పోలియోరహితమని ప్రకటింపబడెను. క్రిమికి పొలిమేర లేదని నాడు గ్రహించిన బుద్ధి నేడెక్కడికి పోయినది?

ఈ మాత్ర ఇచ్చినచో జనులు దుర్నీతిపరులగుదురని కచ్చేరీ వరండాలో ఒక పెద్దమనిషి సెలవిచ్చిరి. ఆయన ఇంట దోమతెర యున్నది. దోమలతో సఖ్యము కొఱకని మేమనుకొనలేదు. నీతిబోధ చేయువారిని మేము అడ్డగించము. కాని భివండినుండి భర్త తెచ్చిన రోగము ఆలేరులో మగ్గము దాటి ఎఱుగని ఇల్లాలికి అంటుకొనునప్పుడు ఆమె చేసిన దుర్నీతి యేమి? గల్ఫుకు పోయినవానికి మఱింత కష్టము. అక్కడ పరదేశ కూలి రక్తములో ఈ క్రిమి కనబడెనా, కొలువు తీసివేసి విమానమెక్కించి పంపుదురు. అప్పుమాత్రము ఇంటివద్ద వడ్డీతో కాచియుండును.

ఖర్చు మాట యెత్తువారికి పాలమూరు దారి చూపుదుము. జడ్చర్ల ప్రక్కన పోలేపల్లిలో రైతుల భూములు తీసికొని ఔషధ కర్మాగారములకిచ్చిరి. హెటిరో, అరబిందో సంస్థలకు అచ్చట కర్మాగారములు గలవు. ఎయిడ్సు మందులను చౌకగ చేసి ప్రపంచమునకు పంపు సంస్థలలో ఈ రెండును ముఖ్యమైనవి. ఆ జిల్లా కూలియే మేస్త్రి వెంట బొంబాయికి పోవును. మందు ఓడలో ఆఫ్రికాకు పోవును. ఇరువురు ఒకే మన్ను విడిచి పోవుదురు గాని ఎక్కడను కలిసికొనరు.

ఇప్పుడు మఱియొక మందు వచ్చినది. లెనకాపవిర్ అను ఆ సూది ఏడాదికి రెండుమారులు వేయించుకొనిన చాలును. అమెరికాలో 2025 జూనులో అనుమతి పొందెను. అచ్చట దాని వెల ఏడాదికి 28,000 డాలర్లకు పైమాటే. అదే మందును 2027నుండి 40 డాలర్లకు, అనగా మన రూపాయలలో సుమారు 3,500కు, 120 దేశములకు అందింతుమని 2025 సెప్టెంబరులో ప్రకటించినవి ఏవి? హైదరాబాదు సంస్థలైన డాక్టర్ రెడ్డీస్, హెటిరో! వలసకూలికి ఇంతకంటె అనువైన మందు లేదు. మాత్రలవానికి మూడుమాసములకొకమారు రక్తపరీక్ష కావలెను, మూత్రపిండముల పరీక్ష కావలెను. ఊరుమారినవాడు ఇవన్నియు ఎక్కడ చేయించుకొనును? మనవాడు ఏడాదికి రెండుమారులు ఇల్లు చేరును, దసరాకు, ఉగాదికి. నడుమ ఇంచుమించు ఆరుమాసములు. పండుగకు వచ్చినవానికి ఆలేరులోనే సూది వేసి పంపవచ్చును.

ఇది జరుగరానిదని ఎవరైన అనినచో ఇతర దేశములు చూడుడు. ఇంగ్లండు 2012 అక్టోబరునుండి ఈ రోగమునకు చికిత్సను పరదేశులకు సైతము ఉచితముగ చేసినది. 2020నుండి నివారణ మాత్రను సర్కారు కేంద్రములలో ఇచ్చుచున్నది. బ్రెజిలు 2018నుండి తన సార్వజనిక వైద్యశాలలలో ఉచితముగ ఇచ్చుచున్నది. ఆ దేశములు స్వర్గములని మేమనము. మన మందులకు మన గడ్డపై ఆ పాటి గౌరవమైనను ఉండరాదా యని అడుగుచున్నాము.

మేము కోరునవి మూడే. సర్కారు దవాఖానలో పరీక్ష చేయు గదిలోనే నివారణ మాత్రను ఉచితముగ ఈయవలెను; ఏ కార్డును, ఏ చిరునామాను అడుగరాదు. ఆలేరులో ఆరంభించిన మందు భివండిలో, బలాంగీరులో ఆరంభించినది మన బట్టీలవద్ద కొనసాగునట్లు ఒక చీటీ ఏర్పాటు చేయవలెను. రోగుల చికిత్సను కేంద్రమునుండి కేంద్రమునకు మార్చు పద్ధతి ఇప్పటికే యున్నది గదా. కొత్త సూది వచ్చిననాడు మొదటి వాటా వలసజిల్లాలకు కేటాయింపవలెను. ఈ మేరకు ఆరోగ్యశాఖకు విజ్ఞప్తి వ్రాసి సిద్ధముగ నుంచితిమి. సంతకము చేయదలచిన పఠనాలయ సభ్యులు కచ్చేరీ దినములలో మధ్యాహ్నము మా బల్లవద్దకు రావచ్చును. ఆ భివండి యువకుడు మొదటి సంతకము చేసి బండి ఎక్కెను.